చట్టాలు మారాయి సరే, సిగ్గు ఎవరికి?

1930 ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు, పద్దెనిమిదేళ్ళు నిండని మగపిల్లవాడికి పెళ్ళి చేయడం నేరమైంది. గోదావరి జిల్లాల్లో పసిపిల్లల పెళ్ళిళ్ళు తలపెట్టినవాళ్ళకు మాత్రం దీనివల్ల పెద్ద టెన్షనేమీ పట్టుకోలేదు. గౌతమి గట్టున యానాం ఉంది. అది ఫ్రెంచివాళ్ళ ఊరు, ఇంగ్లీషువాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్ళడం, అక్కడ మూడు ముళ్ళూ వేయించి ఇంటికి తిరిగి రావడం మామూలైపోయింది. అన్నేసి పెళ్ళిళ్ళు జరగబట్టి ఆ ఊరిని కల్యాణపురం అని కూడా అనేవారు.

యానాంకు ఎదుటి ఒడ్డున ఉన్న ఎదుర్లంకలో నేరమైన పని రేవు దాటితే శుభకార్యం. ఆ పెళ్ళివాళ్ళు దొంగల్లా దాక్కోలేదు. దాక్కోవాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే శారదా చట్టం పెళ్ళి చేసినవాళ్ళను శిక్షించిందే తప్ప అయిన పెళ్ళి చెల్లదని అనలేదు. నెల రోజుల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా అన్న శిక్షను కలిగినవాళ్ళు పెళ్ళి ఖర్చుల్లో మరో పద్దుగా చూసుకోవచ్చు. చట్టం 1929 సెప్టెంబరులోనే ఆమోదం పొందినా అమలుకు ఆరు నెలల గడువు పెట్టారు. ఆ ఆరు నెలల్లో దేశమంతటా ముహూర్తాలు తోసుకుంటూ వచ్చాయి. తప్పు అని తెలిసి తొందరపడటం వేరు, తలుపు మూసేలోపు లోపలికి పోవాలన్న తొందర వేరు. ఇది రెండో రకం.

చట్టం మారిందంటే సమాజం నైతికంగా ఒక మెట్టెక్కినట్టేనా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. అవును, సతి పోయింది, బాల్యవివాహం పోయింది, అంటరానితనం నేరమైంది, ఇవన్నీ మెట్లే కదా అన్నది ఒకటి. తప్పొప్పులు కాలాన్ని బట్టి మారుతుంటాయి, నిన్నటి నిషేధం ఇవాళ్టి ఫ్యాషన్, ఇందులో పైకేమిటి కిందికేమిటి అన్నది రెండోది. గోదావరి డెల్టాలో గడిచిన నూట డెబ్భై ఏళ్ళ చరిత్రను దగ్గరగా చూస్తే ఈ రెండూ పొసగవు. అక్కడ చట్టం ముందు నడిచి ఊరు వెనకబడ్డ సందర్భాలున్నాయి, ఊరే ముందు నడిచి చట్టాన్ని పట్టించుకోని సందర్భాలున్నాయి, చట్టం వచ్చాక బాధితుల పరిస్థితి అంతకుముందు కంటే చెడిన సందర్భాలూ ఉన్నాయి. చట్టం పుస్తకంలో ఏముందో చూస్తే సగమే తెలుస్తుంది. ఫలానా పని జరిగినప్పుడు ఊళ్ళో ఎవరు తలదించుకుంటున్నారు? అన్యాయం చేసినవాడా, దాన్ని భరించినవాళ్ళా? ఏ పనిని గట్టిగా చెప్పుకుంటున్నారు, దేన్ని దాస్తున్నారు? ముందడుగో కాదో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన కొలత కనబడదు.

బాల్యవివాహం విషయంలో ఆ కొలత కొంచెం కొంచెంగా జరిగింది. ఆడపిల్ల పెళ్ళి వయసు 1949లో పదిహేనుకు, 1978లో పద్దెనిమిదికి పెరిగింది. 2006లో మరింత గట్టి చట్టం వచ్చింది. యానాం 1954లో భారతదేశంలో కలవడంతో ఆ దొడ్డిదారీ మూసుకుపోయింది. అయితే అసలు పని చేసినవి హైస్కూళ్ళు, ఇంటర్ కాలేజీలు, అమ్మాయిలకు సైకిళ్ళు, హాస్టళ్ళు. చదువుతున్న పిల్లను మధ్యలో ఆపి పెళ్ళి చేస్తే ఏం చేశారన్నట్టు చూసే రోజు అలా వచ్చింది. ఇప్పుడు పదహారేళ్ళ అమ్మాయికి పెళ్ళి చేసేవాళ్ళు శుభలేఖ వేయించరు. ఏ తెల్లవారుజామునో గుళ్ళో కానిచ్చేస్తారు, ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారేమోనని భయపడతారు. సిగ్గు చేసేవాడి వైపు తిరిగిందనడానికి ఇది గుర్తు. పూర్తిగా తిరగలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసు ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 23.3 శాతం. వీరేశలింగం పుట్టిన రాష్ట్రం దేశ సగటు కంటే వెనకబడి ఉందన్నమాట.

ఆ పేరు ఎత్తాక వితంతు వివాహం దగ్గర కాస్త ఆగాలి. హిందూ వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టమైంది. ఆంధ్రదేశంలో మొదటిదిగా చెప్పుకునే వితంతు వివాహం రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం చేతుల మీదుగా జరిగింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో పాతికేళ్ళు. చట్టం పుస్తకంలోనే ఉంది, అడ్డు చెప్పే జడ్జీ లేడు, శిక్షించే పోలీసూ లేడు. అయినా ఎవరూ ముందుకు రాలేదు. ఆ పెళ్ళి జరిగినప్పుడైనా పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. అంటే ప్రభుత్వం అనుమతించిన పని చేయడానికి ప్రభుత్వమే కాపలా కాయాలి. వంటవాళ్ళు రామన్నారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ తానే నీళ్ళు మోసి వంట చేసింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు పెట్టకపోతే ఆ ఉద్యమం అంత దూరం వచ్చేదే కాదు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళను కులం వెలివేసింది. వాళ్ళలో కొందరు తర్వాత ప్రాయశ్చిత్తం చేయించుకుని నెమ్మదిగా కులంలోకి తిరిగి చేరారు. వాళ్ళను పిరికివాళ్ళనడం సులువు. నిప్పు, నీళ్ళు, పిల్లల సంబంధాలు అన్నీ కులం చేతిలో ఉన్నప్పుడు ఆ మాట ఎంతవరకు న్యాయమో ఆలోచించాలి.

ఆ చట్టంలో ఎక్కువమంది మాట్లాడని రెండో సెక్షన్ ఒకటుంది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే చనిపోయిన భర్త ఆస్తి మీద ఆమెకున్న హక్కు, ఆమె కూడా చనిపోయిందన్నట్టే పోతుంది. పెళ్ళి కావాలా, పొలం కావాలా తేల్చుకో అని చట్టమే అడిగినట్టయింది. దీని దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. పొలం పనులు చేసుకు బతికే అనేక కులాల్లో మారుమనువు అనాదిగా ఉంది. భర్త పోయిన మనిషి మరొకరితో బతకడానికి వాళ్ళకు కలకత్తాలో చేసిన చట్టం అనుమతి అక్కర్లేదు. కానీ మద్రాసుతో సహా పలు హైకోర్టులు ఆస్తి పోయే నిబంధన మారుమనువు ఆచారమున్న కులాలకూ వర్తిస్తుందని తీర్పులిచ్చాయి. అలహాబాద్ హైకోర్టు అందుకు ఒప్పుకోలేదు. మొత్తం మీద జరిగిందేమిటంటే, పైకులాల వితంతువులకు కాగితం మీద స్వేచ్ఛ వచ్చింది, వాళ్ళు దాన్ని దశాబ్దాలపాటు వాడుకోలేకపోయారు. కింది కులాల వితంతువులకు ఎప్పటినుంచో ఉన్న స్వేచ్ఛకు కొత్తగా వెల కట్టారు. ఒకే చట్టం ఒక వీధికి ముందడుగు, పక్క వీధికి వెనకడుగు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక వితంతువుల ఆస్తి హక్కు మెరుగుపడింది, 1856 చట్టాన్ని 1983లో పూర్తిగా రద్దు చేశారు.

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి, దాంతో డబ్బు పెరిగాయి. నాలుగు డబ్బులు చేరిన కుటుంబాలు ఆడవాళ్ళను పొలం పని మాన్పించి, పైవాళ్ళ మర్యాదలు తెచ్చిపెట్టుకున్నాయి. ఆ మర్యాదల్లో మారుమనువును చిన్నచూపు చూడటం కూడా ఒకటి. సంస్కర్తలు రాజమండ్రిలో ఒక నిషేధాన్ని కూల్చడానికి కష్టపడుతున్న కాలంలోనే, అదే నిషేధం మరికొన్ని ఇళ్ళలోకి పరువు పేరుతో కొత్తగా అడుగుపెట్టింది. నిషేధాలు ఎప్పుడూ తగ్గుతూనే పోతాయనుకునేవాళ్ళు గమనించాల్సిన సంగతి ఇది.

ఇక కలవంతులు, అంటే ఆటాపాటా వృత్తిగా బతికిన దేవదాసీ కులంవాళ్ళు. తూర్పు గోదావరిలో ముమ్మిడివరం, మురమండ లాంటి ఊళ్ళ పేర్లు మేజువాణీలతో, భోగం మేళాలతో కలిపి వినిపించేవి. జమీందారు ఇంట పెళ్ళైనా, దేవుడి కల్యాణమైనా మేళం ఉండాల్సిందే. ఆ స్త్రీలకు చదువుండేది, సంగీతం, అభినయం ఉండేవి, చాలామందికి సొంత ఇల్లు, తల్లి నుంచి కూతురికి వచ్చే ఆస్తి ఉండేవి. మిగతా కులాల ఆడవాళ్ళకు ఆ రోజుల్లో ఇందులో ఒక్కటీ లేదు. అలాగని అది స్వర్గం కాదు. ఊహ తెలియని పిల్లను ముందే ఒక బతుకుకు కట్టేయడం, వయసు వచ్చాక డబ్బున్నవాడి ఇష్టానికి వదిలేయడం అందులో ఉన్నాయి. ఈ రెండో ముఖాన్ని మర్చిపోయి పాత వైభవం గురించి నిట్టూర్చే ధోరణి ఈమధ్య పెరిగింది. అది అప్పటి పిల్లలకు చేసే అన్యాయం.

సంస్కర్తలు ఈ వ్యవస్థను గట్టిగా వ్యతిరేకించారు. వీరేశలింగం రాశారు, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు మేళాలున్న చోటికి వెళ్ళొద్దని ఒక తరం విద్యార్థులకు నూరిపోశారు. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన దుర్గాబాయి 1921లో గాంధీ వచ్చినప్పుడు, పన్నెండో ఏట, దేవదాసీ స్త్రీలు ఆయన మాట వినేలా సభ ఏర్పాటు చేయించింది. ఎనిమిదో ఏటే పెళ్ళయి, తర్వాత ఆ బంధం వద్దనుకుని, రాజ్యాంగ సభ దాకా వెళ్ళిన మనిషి ఆవిడ. మద్రాసులో ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ళ తరబడి చేసిన కృషితో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది.

ఆ చట్టం రెండు పనులు చేసింది. అమ్మాయిని దేవుడికి అంకితమివ్వడాన్ని నేరం చేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు. దాంతోపాటే దేవాలయాల్లో, ఊరేగింపుల్లో, దేవుడి ఉత్సవాల్లో ఆడవాళ్ళు నాట్యం చేయడాన్నీ నిషేధించింది. దోపిడీకీ కళకూ తేడా చూడలేదు. శిక్ష ఎవరికి? అంకితమిచ్చే తంతులో పాల్గొన్నవాళ్ళకు. ఆ వ్యవస్థను డబ్బు పెట్టి నిలబెట్టిన మోతుబర్ల ఊసు అందులో లేదు. మేళం పెట్టించినవాడి పరువు చెక్కుచెదరలేదు, పైగా సంస్కరణ సభల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్ళూ ఉండే ఉంటారు. కలవంతుల కుటుంబాలు మాత్రం కాలి గజ్జెలు మూలన పడేసి, కులం పేరు మార్చుకుని, పిల్లలకు తాము ఎవరో చెప్పకుండా బతికాయి. ప్రభుత్వ జాబితాల్లో సూర్యబలిజ అన్న పేరు అలా స్థిరపడ్డదే. తర్వాతి కాలంలో నటరాజ రామకృష్ణ వంటివాళ్ళు ముసలి కళాకారిణులను వెతికి పట్టుకుని, వాళ్ళ దగ్గర మిగిలిన అభినయాన్ని ఆంధ్రనాట్యంగా వేదిక మీదికి తెచ్చారు. ఇవాళ ఆ పదాలకు అభినయం పట్టే అమ్మాయిలు ఎక్కువగా వేరే కులాలవాళ్ళు, వాళ్ళకు చప్పట్లు, శాలువాలు. అదే పని చేసిన వంశంలో పుట్టినవాళ్ళు మా అమ్మమ్మ ఫలానా అని బయటికి చెప్పుకోలేరు. అంకితం ఆగింది, అది నిజమైన మేలు. సిగ్గు మాత్రం అంతకుముందు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది, ఇంకా కొంచెం బరువెక్కి.

చట్టం ఊసే లేకుండా మారిన సంగతులు కూడా డెల్టాలో తక్కువేమీ కాదు. సముద్రం దాటితే కులం పోతుందన్న నమ్మకం ఒకప్పుడు బ్రాహ్మణ కుటుంబాల్లో బలంగా ఉండేది. మిగతావాళ్ళు అప్పటికే కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కు వేలల్లో కూలికి వెళ్ళేవారు. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. ఆ నిషేధాన్ని రద్దు చేస్తూ ఎవరూ బిల్లు పెట్టలేదు. ఇంగ్లండ్ చదువు, తర్వాత అమెరికా ఉద్యోగం దాన్ని తినేశాయి. ఇప్పుడు కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేసి డబ్బు పంపే ఆడవాళ్ళున్నారు. మొదట్లో నోళ్ళు నొక్కుకున్న చుట్టుపక్కలవాళ్ళే ఆ డబ్బుతో డాబాలు లేచాక ఏజెంటు నంబరు అడుగుతున్నారు.

మేనరికం మరీ విచిత్రం. అత్త కొడుకు, మేనమామ కొడుకు, ఆఖరికి సొంత మేనమామ కూడా పెళ్ళికొడుకుల వరసే. ఉత్తరాదివాళ్ళు వింటే చెవులు మూసుకుంటారు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట పర్వాలేదని మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మేనరికం ఇప్పటికీ చట్టబద్ధమే. అయినా చదువుకున్న ఇళ్ళలో ఎవరైనా మేనరికం చేసుకుంటున్నామంటే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక ప్రశ్న కనిపిస్తోంది. పిల్లలకు లోపాలొస్తాయని డాక్టర్లు చెప్పడం, ఇంటికి ఒకరిద్దరు పిల్లలే కావడంతో వరసైనవాళ్ళు దొరక్కపోవడం, పొలం బయటికి పోకూడదన్న పట్టుదల కంటే సాఫ్ట్‌వేర్ అల్లుడి మోజు పెరగడం దానికి కారణాలు. చట్టం తప్పనని పనిని ఊరు తప్పనడం మొదలుపెట్టింది.

సగోత్రం దగ్గరికొస్తే ఇదే కథ తలకిందులు. ఒకే గోత్రంవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని 1946లోనే చట్టం వచ్చింది. ఎనిమిది దశాబ్దాలు కావస్తోంది. గోత్రం ఒకటే అని తెలియగానే ఇప్పటికీ సంబంధం అక్కడితో ఆగిపోతుంది. ఎన్నో తరాల కిందట ఒకే రుషి పేరు చెప్పుకున్నవాళ్ళు అన్నాచెల్లెళ్ళు, తల్లి తోడబుట్టినవాడు మాత్రం వరసైనవాడు! లోపాల భయమే నిజమైన కారణమైతే ఈ లెక్క ఎలా కుదురుతుందో ఎవరూ అడగరు. నిషేధాలు తర్కం మీద నిలబడవు, కాబట్టి తర్కంతో పడిపోవు కూడా.

కొన్ని చట్టాలు నైతికత గురించి ఏమీ చెప్పవు. కోడిపందేలు జంతు హింస నిరోధక చట్టం 1960 ప్రకారం, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 ప్రకారం నేరం. హైకోర్టు ఆపమని చెప్పింది, పోలీసులు ఏటా హెచ్చరికలు ఇస్తారు. భోగి నాటి పొద్దున భీమవరం చుట్టుపక్కల బరులు సిద్ధం, పక్కనే గుండాట. ఖద్దరు చొక్కాలు ముందు కుర్చీల్లో కనిపిస్తాయి. మద్యనిషేధం ఇంకో రకం. 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది ఆ గొడవ మీదే. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. పెట్టినప్పుడు రాష్ట్రం నీతిమంతమైందనీ, ఎత్తేసినప్పుడు చెడిపోయిందనీ ఎవరూ అనరు. ఎత్తేయడానికి ఖజానా లెక్కలు కారణం, పెట్టడానికి సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళు. అంతవరకే. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం ఆ రెండేళ్ళూ మందుబాబులకు ఎలా ఉపయోగపడిందో చెప్పనక్కర్లేదు.

కేంద్రంలో, కోర్టుల్లో వచ్చిన మార్పులు డెల్టాకు ఆలస్యంగా చేరతాయి, కొన్నిసార్లు ఆకారం మార్చుకుని చేరతాయి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ 1860లో ఇంగ్లీషువాళ్ళు రాసింది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని కోరలు పీకింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ అతికించింది, 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు తీసేసింది. తొమ్మిదేళ్ళలో మూడు మలుపులు. ఆ మలుపుల్లో దేశం నైతికంగా ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళిందనడం హాస్యం. మారింది బెంచి. కానీ 2018 తీర్పులో వాడిన ఒక ఆలోచన డెల్టాకు బాగా దగ్గరిది. జనంలో ఎక్కువమంది ఏమనుకుంటున్నారన్నది కాక, రాజ్యాంగం చెప్పే నీతి ముఖ్యమన్నది ఆ వాదన. ఆ నీతి మనుషులకు సహజంగా రాదు, దాన్ని పెంచి పోషించుకోవాలని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చెప్పారు.

ఆయన పేరు కోనసీమ జిల్లాకు పెట్టబోతేనే 2022 మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. పేరు చివరికి నిలిచింది. అంతకు ఐదేళ్ళ ముందు పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో ఇతర నాయకుల విగ్రహాల వరసలో అంబేద్కర్ విగ్రహం పెట్టాలని దళితులు ప్రయత్నించారు. అక్కడ మొదలైన గొడవ వెలి దాకా వెళ్ళింది. పొలం పనులకు పిలవడం మానేశారు, కౌలు పొలాలు వెనక్కి తీసుకున్నారు. వీరేశలింగం చేయించిన వితంతు వివాహానికి వెళ్ళిన బ్రాహ్మణుల మీద ప్రయోగించిన ఆయుధమే ఇది, కాకపోతే ఈసారి పూర్తిగా కూలి మీద బతికేవాళ్ళ మీద. ఆసక్తికరమైన సంగతేమిటంటే, సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో స్పష్టంగా నేరంగా చేర్చిన సవరణ 2016 జనవరి 26 నుంచే అమల్లో ఉంది. గరగపర్రు ఘటన 2017లో. చట్టం ఉంది, కొత్తది, గట్టిది. కానీ కూలికి పిలవకపోవడాన్ని కోర్టులో ఎలా రుజువు చేస్తారు? మిషన్‌తో కోయిస్తున్నాం, మనుషులు అక్కర్లేదు అంటే చాలు. అయినా ఒక తేడా ఉంది. 1881లో వెలివేసినవాళ్ళు వెలివేశామని ఛాతీ విరుచుకుని చెప్పుకున్నారు. 2017లో వెలివేసినవాళ్ళు అబ్బే, అలాంటిదేమీ లేదన్నారు. ఆ అబద్ధం దళితుల కడుపు నింపదు, నిజమే. కానీ అబద్ధం చెప్పాల్సి రావడం కూడా మారిన కాలానికి గుర్తే, దాన్ని కొట్టిపారేయలేం.

కట్నం విషయంలో ఆ పాటి అబద్ధం కూడా అక్కర్లేదు. వరకట్న నిషేధ చట్టం 1961 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 1983లో వేధింపుల సెక్షన్, 1986లో కట్నం చావుల సెక్షన్ వచ్చాయి. కనీస శిక్ష ఐదేళ్ళకు పెరిగింది. డెల్టాలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఇవేవీ గదిలో ఉండవు. ఎకరాలు ఎన్ని, క్యాష్ ఎంత, కారు ఏ కంపెనీది, ఆడపడుచు లాంఛనాలు ఎంత అన్నవి పెద్దమనుషుల ముందు తేలతాయి, కాగితం మీద కూడా రాసుకుంటారు. ఎంతిచ్చారని పెళ్ళిలో ఎవరైనా అడిగితే ఇద్దరు వియ్యంకుల్లో ఒక్కరూ నొచ్చుకోరు. తక్కువ తీసుకున్నామంటేనే అబ్బాయిలో ఏదైనా లోపముందేమోనన్న అనుమానం. ఒకప్పుడు కన్యాశుల్కం తీసుకున్న కులాలే చదువులు, ఉద్యోగాలు, కాలవ నీళ్ళ కింద పొలాలు వచ్చాక వరకట్నానికి మారాయి. డబ్బు ప్రవాహం దిక్కు మార్చుకుంది, ఆడపిల్లకు ధర కట్టడం మారలేదు. నేరమని తెలిసీ దాచని పని ఏదైనా ఉందంటే డెల్టాలో ఇదే మొదటిది. కోడిపందెం కాసేవాడైనా పోలీసు జీపు కనబడితే పక్కకు తప్పుకుంటాడు.

కట్నం ఇచ్చినవాళ్ళు చెప్పే సమర్థన ఒకటుంది: ఆస్తిలో వాటా ఎలాగూ ఇవ్వం కదా, పెళ్ళప్పుడే పసుపు కుంకుమల కింద ఇచ్చేస్తున్నాం. ఒక కాలంలో అందులో కొంత నిజముండేది. ఆ సమర్థనకు కాలు విరిచింది ఆంధ్రప్రదేశే. దేశంలో మిగతా రాష్ట్రాలు చాలావాటికి ఆ ఆలోచన రాకముందే, ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు మాత్రం ఆ హక్కు లేదు. 2005లో కేంద్రం అదే హక్కును దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకు కూడా విస్తరించింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద ఇంతకంటే స్పష్టంగా చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆచరణలో కట్నం ఆగలేదు, వాటా రాలేదు. తండ్రి పోయాక పెద్దకర్మ ముగిసిన కొన్నాళ్ళకు అన్నదమ్ములు చెల్లెళ్ళను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు కారులో తీసుకెళ్తారు. నా వాటా వదులుకుంటున్నాను అని హక్కు విడుదల పత్రం మీద వాళ్ళు సంతకం పెడతారు, వేలిముద్ర వేస్తారు. ఎవరూ బలవంతం చేయరు. కానీ సంతకం పెట్టని అమ్మాయికి మర్నాటి నుంచి పుట్టింటి గుమ్మం ఉండదు. సంక్రాంతికి పిలుపు రాదు. కట్టుకున్నవాడితో గొడవొస్తే వచ్చి తలదాచుకునే చోటు పోతుంది. అన్నదమ్ముల్ని కోర్టుకీడ్చింది అన్న మాట ఊరంతా పాకుతుంది. చట్టం ఇచ్చిన వాటా అడిగినందుకు ఆమె తలదించుకోవాలి. చట్టం నేరమన్న కట్నం తీసుకున్న అత్తింటివాళ్ళు, చట్టం ఇవ్వమన్న వాటా ఎగ్గొట్టిన పుట్టింటివాళ్ళు ఇద్దరూ ఆ ఊళ్ళో పెద్దమనుషులుగానే తిరుగుతుంటారు. ఆ పత్రాలు దస్తావేజుల ఆఫీసుల్లో ఎన్ని కట్టలు కట్టలుగా ఉన్నాయో లెక్క తీయడం ప్రభుత్వానికి పెద్ద పనేమీ కాదు, అన్నీ రిజిస్టరైనవే కాబట్టి.